గడప దాటిన గంప

రుద్రవరం దగ్గర మా పుట్టింటి తోట నుంచి నంద్యాలకు తిరిగొచ్చి పదిహేను రోజులు దాటింది. నేనైతే బస్సు దిగాను గానీ నా కోపం ఇంకా దిగలేదు. ఏడాదికి ఒకసారైనా ఆ తోటకు పోయి రావడం నాకు అలవాటు. ఇప్పుడు సేద్యం చేస్తున్నది మా తమ్ముడి కొడుకు శేఖర్. ఈసారి శనగ విత్తే రోజుకు రమ్మని వాడే ఫోన్ చేశాడు. సంతోషంగానే పోయాను. పొద్దున్నే వాడి భార్య మాధవి నాకు కాఫీ ఇచ్చి, పక్కన కూచుని, నా చేతి మీద చెయ్యి వేసి, ఎంతో మర్యాదగా ఒక మాట చెప్పింది. "పెద్దమ్మా, ఇత్తనం గడప దాటేదాకా రోంతసేపు లోపలి రూములో కూచుంటావా. ఏమనుకోవద్దు. ఊర్లోవాళ్ళు వచ్చినారు." మా ఆయన పోయి రెండేళ్ళయింది. అదీ సంగతి. నంద్యాలలో ముప్పై ఏళ్ళకు పైగా ఆడపిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, బళ్ళో ఎవరైనా పిల్లను ఒక్క మాట తక్కువ చేసి అంటే ఇంటికి పోయి మరీ తల్లిదండ్రులను కడిగేసినదాన్ని, ఆ రోజు నోరెత్తకుండా కాఫీ లోటా అక్కడ పెట్టి లేచి పోయి కూచున్నాను. మాధవి మీద వచ్చిన కోపం సగమైతే, అంత బుద్ధిగా లేచిన నా కాళ్ళ మీద వచ్చింది సగం.

అది మామూలు గదైతే ఇంత రాయకపోదును. ఇప్పుడు అక్కడ ఒక ఇనప మంచం, పాత ఫ్రిజ్జు అట్టపెట్టె, నాలుగు యూరియా సంచులు ఉన్నాయి. మా చిన్నప్పుడు అది గింజల అర. మా నాయనకు అక్క, మాకు అత్త అయిన ఓబులమ్మ ప్రతి యేడూ విత్తే రోజున కూచున్నది ఆ అరలోనే. నేను మంచం మీద కూచుని గోడకేసి చూస్తుంటే, అరవై ఏళ్ళ కిందటి కార్తెలన్నీ ఒక్కసారిగా మీదికొచ్చి పడ్డాయి.

మా ఇల్లు ఊరికి అరకోసు దూరంలో తోట మధ్యనే ఉండేది. పెద్ద మట్టి మిద్దె, దాని చుట్టూ నిమ్మచెట్లు, మామిడిచెట్లు, రెండు బావులు, పశువుల కొట్టం, ఆ వెనక ఎర్రచేలు, వాటిని దాటితే పది ఎకరాల నల్లచేను. తూర్పున తలెత్తితే నల్లమల. వానలు వెనకబట్టి చలి ఇంకా రాని ఆ నెలన్నరలో మా ఇంట్లో ఎవరికీ నడుము వాల్చే తీరిక ఉండేది కాదు. కొర్ర కోతకొచ్చేది. కళ్ళంలో రాతిగుండు లాగే ఎద్దుల మూతులకు చిక్కాలు కట్టి, పొద్దు నెత్తికెక్కకముందే కంకులు తొక్కించేవాళ్ళు. వేరుశనగ పీకి కట్టలు తిరగేసి ఎండబెట్టేవాళ్ళు. కొండ దిగువ నుంచి ఆడవాళ్ళు తెచ్చిన సీతాఫలాలను అత్త కొర్రపొట్టులో పూడ్చిపెట్టేది. రెండో రోజుకి ఇల్లంతా ఆ తీపి వాసన, దాంట్లో కలిసి ఉప్పులో ఊరుతున్న నిమ్మకాయల వాసన, కొట్టంలో పచ్చిగడ్డి వాసన. గడ్డి వామి వేసే మగవాళ్ళకు మజ్జిగ పోయడం నా పని. మా నాయన ఎర్ర తుండుగుడ్డ తలకు చుట్టుకుని అన్ని చోట్లా కనబడేవాడు. అన్ని చోట్లా పని చేసేది మాత్రం అత్త.

ఆమెకు పన్నెండో యేట పాములపాడు దిక్కు సంబంధం చేశారు. పదహారో యేటికల్లా బొట్టు చెరిపి తిరిగి పుట్టింటికి పంపారు. నాకు ఊహ తెలిసేసరికి ఆమెకు నలభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, ఎండుచెరుకులా ఉండేది. మాటలు తక్కువ. ఆ మాటల్లోనూ తిట్లు తక్కువ. మాఘంలో జొన్న కోతకు ముందే చేను మధ్యకు పోయి, మంచి కంకులను ఏరి, వాటికి తన చీరపేలిక ముక్క కట్టి గుర్తు పెట్టేది. వాటిని వేరుగా కోయించి, వంటింటి దూలాలకు గుత్తులుగా వేలాడదీసేది. ఏడాదిలో సగం పొగ తాగిన ఆ కంకులను దింపి, కర్రతో మెల్లగా కొట్టి, బూడిద కలిపి, వేపాకు వేసి, పేడతో అలికిన గంపలో పోసేది. విత్తడానికి పదిరోజుల ముందు నూరు గింజలు తడిగుడ్డలో కట్టి పెట్టేది. మూడోనాడు విప్పి మొలకలు లెక్కబెట్టి, "ఈ యేడు రోంత ఒత్తుగా పోయండి" అనో, "పలచగా పోసినా సాలు" అనో నా చేత నాయనకు చెప్పించేది. ఆ జొన్న మా అబ్బ, అంటే తాత కాలం నుంచీ అట్లా చేతులు మారి వచ్చింది. ముత్యంలాంటి గింజ. రొట్టె చేస్తే పొద్దున చేసింది మాపటికి కూడా మెత్తగా ఉండేది. నేను పదేళ్ళ పిల్లను. అత్త కొంగు పట్టుకుని ఆ పనులన్నీ చేశాను, కొన్ని పాడు చేశాను కూడా.

పాతర తీయడం కూడా ఆమె చేతి మీదే నడిచేది. పాతర అంటే ఇంటి ముందర భూమిలో తవ్వి, వరిగడ్డి పరిచి, తినే జొన్నలు పోసి, పైన రాయి మూసి మట్టి కప్పిన గొయ్యి. వానాకాలం పోయాక దాన్ని తెరుస్తారు. రాయి తీసీ తీయగానే లోపలికి దిగితే ఊపిరాడక మనిషి చచ్చిపోతాడు. అందుకని అత్త ఒక పూట గాలాడనిచ్చి, దీపం వెలిగించి తాడుతో లోపలికి దించేది. దీపం ఆరిపోతే ఎవరినీ దిగనిచ్చేది కాదు, నాయననైనా సరే. వెలుగుతూ పైకొస్తేనే నిచ్చెన. పైకి తీసిన గింజకు పులిసిన గంజి వాసన ఉండేది. అంచుల్లోది ఎర్రబారి పోయేది, నడుమ భాగం మాత్రం తెల్లగా బాగుండేది. నాలుగైదు రోజులు ఎండబెడితే చూపుకు విత్తనం గింజకూ దానికీ తేడా తెలిసేది కాదు. అత్తకు తెలిసేది. పంటితో కొరికి చెప్పేది. "పాతర గింజ కడుపుకే గానీ కయ్యకు గాదు పాపా. లోపల ఉబ్బరానికి దాని మొలక సచ్చిపోయింటాది" అని నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నేను కూడా కొరికి చూసి నేర్చుకున్నాను.

ఇంత చేసిన మనిషికి విత్తే రోజున మాత్రం ముఖం చూపించే హక్కు లేదు. విత్తనం గంపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొత్తగుడ్డ కప్పేది ముత్తైదువ, అంటే మా అమ్మ. గంప గడప దాటేటప్పుడు మొగుడు చచ్చిన ఆడదాని చూపు దాని మీద పడకూడదు. ఒకసారి దాటిన గంప వెనక్కి రాకూడదు. తెల్లవారుజామునే అత్తను గింజల అరలోకి పంపి, బయట గొళ్ళెం పెట్టేవాళ్ళు. విత్తనాలు చల్లి మనుషులు తిరిగొచ్చాక తీసేవాళ్ళు. ఎనిమిది నెలలు ఆ గింజను కళ్ళలో పెట్టుకుని కాపాడిన చూపు ఆ ఒక్క పూట విషమైపోయేదన్న మాట. ఈ లెక్క ఏ పంచాంగం చెప్పిందో ఇప్పటికీ నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అత్త కూడా అడగలేదు. దువ్వెన, చేట తీసుకుని లోపలికి పోయేది.

ఆ యేడు వానలు దండిగా పడ్డాయి. ఉత్తర చూసి ఎత్తర గంప అంటారు, ఉత్తర కార్తెలో వాన లేకపోతే ఊరు విడిచి పొమ్మని. మాకు ఆ అవసరం రాలేదు. ఉత్తర తడిపింది, హస్తలో మంచి పదును దొరికింది. విత్తే రోజు అమ్మ చీకటితోనే లేచింది. ఆ వారమే ఎండబెట్టిన పాతర జొన్నలు పంచలో ఒక గంపలో ఉన్నాయి, మధ్యాహ్నం కూలోళ్ళకు రొట్టెలు చెయ్యాలని. విత్తనం గంప అరలో ఉంది. గింజ చూసి ఇది విత్తనం, ఇది తిండిది అని పోల్చుకోవడం అమ్మకు రాదు. ఎదురుగా కనబడిన పంచలోని గంపకే పసుపు రాసి బొట్లు పెట్టింది. మిగతా రోజుల్లో పక్కన నిలబడి ఇది కాదు అదీ అని చెప్పే మనిషి ఆ పొద్దు దొడ్లో స్నానం చేస్తోంది. అడగాలన్నా ఆ పూట ఆమెను పలకరించకూడదాయె. ఆ తర్వాత అత్తను అరలోకి పంపారు, గొళ్ళెం పడింది, గంప బండెక్కింది, విత్తే గొర్రు బండెక్కింది, అందరూ చేనికి పోయారు.

నేను పంచలో రొట్టెల పని కోసం పొయ్యి ఊదుతున్నాను. తలుపు లోపలి నుంచి అత్త పిలిచింది. గొంతు పెద్దది చెయ్యలేదు గానీ ఆ పిలుపులో తొందర నాకు ఇప్పటికీ వినబడుతుంది. "పాపా, ఇత్తనం గంప ఈడనే ఉండాది. వాళ్ళు ఎత్తుకపోయింది పాతర జొన్నలు. ఉరుకు. మీ నాయన చెవిలో చెప్పు." చెప్పులు లేకుండా ఉరికాను. తడిసిన నల్లమన్ను కాళ్ళకు అంటుకుని, ఒక్కో అడుగూ ఒక్కో బండ. నేను పోయేసరికి టెంకాయ కొట్టడం అయిపోయింది. ఎద్దుల మెడ మీద కాడి ఉంది. జడ్డిగంలో, అదే, గొర్రు మీద గింజలు పోసే చెక్క గిన్నెలో, అమ్మ మొదటి పిడికిలి పోయబోతోంది. ఊరి నుంచి వచ్చిన మగవాళ్ళు ఏడెనిమిది మంది గట్టు మీద నిలబడి ఉన్నారు. నేను నాయనను పక్కకు లాగి చెవిలో చెప్పాను.

నాయన గంప దగ్గరికి పోయి, గుడ్డ ఎత్తి, ఒక గింజ తీసి కొరికాడు. నేను చూశాను. రెండో గింజ కొరికాడు. తెలిసిపోయింది ఆయనకు. సేద్యగానికి తెలియకుండా ఎట్లా ఉంటుంది. నా దిక్కు తిరిగి, "ఎవరు చెప్పిరి?" అన్నాడు. అత్త అన్నాను. గట్టు మీదున్న మగవాళ్ళ వైపు ఒకసారి చూశాడు. తర్వాత నా భుజం పట్టుకుని మెల్లగా అన్నాడు, "గడప దాటిన గంప ఎనక్కి రాగూడదు. ఇంటికి పో. ఈ మాట యాడా అనొద్దు." నోట్లో గింజ పొట్టు ఉమ్మేసి, తోలమని చెయ్యి ఊపాడు. ఎద్దులు కదిలాయి. చచ్చిన గింజ సాళ్ళలో పడుతూ పోయింది. పోస్తున్న ఆడవాళ్ళు పాట పాడుతున్నారు కూడా.

ఇంటికొచ్చి తలుపు దగ్గర కూచున్నాను. చెప్పినావా అని అత్త అడిగింది. చెప్పినానన్నాను. "కొరికి సూసినాడా?" అంది. సూసినాడు అన్నాను. "అట్లయితే సరే" అంది. చేటలో గింజలు చెరిగే చప్పుడు మొదలైంది.

ఐదోనాటికి చుట్టుపక్కల చేలల్లో పచ్చటి గీతలు కనబడ్డాయి. మా చేను మాత్రం నల్లగా అట్లాగే పడి ఉంది. ఏడోనాడు, ఎనిమిదోనాడు అక్కడో మొలక, ఇక్కడో మొలక. చీమలు ఎత్తుకపోయినాయని ఒకరు, లోతు ఎక్కువైందని ఒకరు అన్నారు. చివరికి మా నాయన దాయాది ఒకాయన పంచలో కూచుని, అర కిటికీలో నుంచి ఓబులమ్మ గంపను చూసిందంట కదా, అని తేల్చేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అందరికీ ఆ మాట హాయిగా ఉంది. అమ్మ కూడా అవునేమో అంది. తప్పు తన చేతిలో జరిగిందని అమ్మకు తెలియదు, అందుకు నేను ఆమెను తప్పు పట్టను. తెలిసినవాడు నాయన ఒక్కడే. ఆయన కట్టెపుల్లతో నేల మీద గీతలు గీస్తూ కూచున్నాడు. వంటింటి వాకిట్లో నిలబడి అత్త ఆయన వైపు చూసింది. ఆయన తలెత్తలేదు. ఆమె లోపలికి పోయింది. నేను స్తంభం పక్కన నిలబడే ఉన్నాను. అనొద్దన్నాడు కాబట్టి అనలేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారే, అందులో నా పిడికెడూ ఉంది.

అసలు విత్తనం గంప అరలోనే ఉంది కదా, చేలో పదును ఇంకా మిగిలే ఉంది, మళ్ళీ విత్తుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ అది మిగిలిపోయిన విత్తనమనే అందరూ అనుకున్నారు, పైగా అత్తతో పాటు ఒక పూటంతా అరలో మూసిపెట్టిన గింజ చేనికి పనికిరాదన్నారు. అందుకని దాన్ని దంచారు. బూడిద కడిగి, వేపాకు ఏరేసి, సంగటి చేసుకుని తిన్నాం. అబ్బ కాలం నుంచి వచ్చిన జొన్నను వారం రోజుల్లో మా ఇంటిల్లిపాదీ కూచుని తినేశాం. అత్త వడ్డించింది. తను తినలేదు. మరుసటి యేడు నాయన నందికొట్కూరు నుంచి వేరే విత్తనం తెచ్చాడు. ఆ ముత్యాల జొన్నను నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఆ తర్వాత అత్త ఇరవై ఏళ్ళకు పైగా బతికింది. ఆమెను విత్తనం ముట్టనివ్వలేదు. కొత్తగా నాటిన నిమ్మచెట్ల దగ్గరికి, ఈనిన ఆవు దగ్గరికి పోనివ్వలేదు. సొప్ప నరకడానికి, పేడ ఎత్తడానికి, పాతరలోకి దీపం దించడానికి మాత్రం ఆమె చెయ్యి పనికొచ్చింది. చనిపోయినప్పుడు కూడా, పాపం మంచిదే గానీ చెయ్యి మాత్రం మంచిది కాదు, అని మా బంధువుల్లోనే ఒకామె శవం పక్కన కూచుని అంది. ఆ రోజు రాత్రికి రాత్రే నేను వెళ్ళిపోదామనుకున్నాను. కర్మ అయ్యేదాకా ఉండి, అందరూ పోయాక నాయనను అడిగాను. "కొరికి సూసినావు గదా నాయనా" అన్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఏమి అడుగుతున్నానో ఆయనకు వెంటనే అర్థమైంది. సూసినా, అన్నాడు. "అంతమంది మగోళ్ళ ముందర ముండమోసిన దాని మాట ఇని గంప తిప్పుకొని వస్తే, ఊర్లో నా మొగం యాడ పెట్టుకుందును?" అన్నాడు. అక్క అనలేదు. చచ్చిపోయిన పదకొండో రోజున కూడా అక్క అని నోటికి రాలేదు. ఆయన దొడ్డ మనిషని, సేద్యమంటే ఆయనదేనని ఆళ్ళగడ్డ దాకా పేరు. ఆ పేరు నిలబడటానికి ఒక ఆడమనిషి బతుకంతా కింద పరిచారని ఎవరికి తెలుసు.

ఇవన్నీ ఆ గదిలో మంచం మీద కూచునే తలుచుకున్నాను. బయట ట్రాక్టర్ ఇంజను మొదలైంది. శనగ సంచి మీద నూటికి ఎన్ని మొలుస్తాయో అచ్చు వేసి ఉంది, నేను పొద్దున చదివాను. ఏ రోజు వాన పడుతుందో శేఖర్ ఫోన్ చెబుతుంది. సంచికి కుట్లు వేసింది ఎక్కడో మిషను. ఆ గింజకు నా మొహంతో ఏం పని? అప్పుడంటే వాళ్ళకు చదువు లేదు, తెలియదు అని సర్దుకుంటాం. నాయనకు తెలియక కాదే. తెలిసీ చేశాడు. వీళ్ళకూ తెలుసు. మాధవి డిగ్రీ చదివిన పిల్ల. పైగా "ఏమనుకోవద్దు" అని ఒక మాట చేర్చింది, అత్తకు ఆ పాటి మర్యాద కూడా ఎవరూ చెయ్యలేదు. అరవై ఏళ్ళలో మాకు వచ్చిన మార్పు ఆ ఒక్క మాట. తలుపు దగ్గరికి వేసి ఉందంతే, గొళ్ళెం పెట్టలేదు. పెట్టే పని లేదని వాళ్ళకు తెలుసు.

లేచి తలుపు తీసి బయటికి పోయాను. ఇంటి ముందర ట్రాక్టర్, దాని గొర్రు డబ్బా మూత తెరిచి ఉంది. దాని పక్కన కుర్చీలో దండ వేసిన మా నాయన ఫోటో. ఊరివాళ్ళు పదిమంది. మాధవి చేతిలో పసుపు రాసిన చేట, అందులో మొదట పోసే శనగలు. నన్ను చూసి ఆ పిల్ల మొహం పాలిపోయింది. నేను శేఖర్‌తోనే మాట్లాడాను, అందరికీ వినబడేట్టు. "మీ తాత ఆ యేడు గింజ కొరికి సూసినాడు రా. సచ్చిన గింజని తెలిసే ఇత్తినాడు. ఓబులమ్మత్త చూపు తగిలి గాదు. చెప్పి పంపించింది ఆమె, చెవిలో చెప్పింది నేను." ఏ యేడు, ఏ గింజ అని అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒక ముసలాయన మాత్రం తల దించుకున్నాడు, ఆయనకు ఆ కథ తెలిసినట్టుంది. "ఇప్పుడేమిటికత్తా అవన్నీ" అన్నాడు శేఖర్. ఇప్పుడు కాకపోతే ఎప్పుడో చెప్పమన్నాను. మాధవి చేతిలోంచి చేట తీసుకుని డబ్బాలో నేనే పోశాను. ఎవరూ అడ్డం రాలేదు. ట్రాక్టర్ కదిలి చేనికి పోయింది. మధ్యాహ్నం బస్సుకు నేను వచ్చేశాను.

నిన్న సాయంత్రం శేఖర్ ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం, కొంచెం రాజీ. "అత్తా, శనగ బెమ్మాండంగా మొలిసింది. సాళ్ళు చూస్తే కడుపు నిండుతాంది. నీ చెయ్యి మంచిదే అని మాధవి గూడా అంటాంది" అన్నాడు. వాడు నన్ను సంతోషపెట్టాలనే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

"మొలవకపోయింటే ఎవరి పేరు చెప్తాంటిరి రా?" అన్నాను.

వాడు ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టలేదు. అవతల కొట్టంలో దూడ అరుస్తోంది, ఎవరో బక్కెట్ కింద పెట్టిన చప్పుడైంది. వాడు నిజమే చెప్పాడు.

"నీ పేరే అత్తా" అన్నాడు.